ఎవరూ అడగని కట్టడాలు

మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేములో కొత్త ప్రపంచం తెరుచుకున్నప్పుడు అక్కడ ఎవరూ మనల్ని ఏమీ అడగరు. కొండలు ఉంటాయి, నీళ్లు ఉంటాయి, చెట్లు ఉంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మీటరు చొప్పున ఉండే బ్లాకులతో ఏం కావాలంటే అది కట్టుకోవచ్చు. ఏమీ కట్టకుండా నడుచుకుంటూ పోవచ్చు. గడువు లేదు, మార్కులు లేవు, పని అప్పజెప్పినవాళ్లు లేరు. అయినా చాలామందికి కాసేపట్లోనే ఏదో బరువు మీద పడుతుంది. ఈ గోడ మరీ చదునుగా ఉందేమో, ఈ పైకప్పు చూస్తే నవ్వుతారేమో, వీడియోల్లో కనిపించే కోటల ముందు ఇదేపాటిది అన్న ఆలోచనలు మొదలవుతాయి. తెల్ల కాగితం ముందు పెన్సిల్ పట్టుకుని కూర్చున్నవాళ్లకు కూడా ఈ బరువు బాగా తెలుసు.

ఎవరూ అడగని చోట ఈ ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చింది? "ఇతరుల కోసం కాదు, నీ ఆనందం కోసం చెయ్యి" అని సలహా చెప్పడం తేలిక. ఆ మాట తప్పు కాదు గానీ, దానితో పని జరగదు. ఇతరుల చూపు అనేది ఒకే రకంగా ఉండదు కదా. మెప్పు వేరు, తీర్పు వేరు, పోటీ వేరు, ముందే ఆశ చూపిన బహుమతి వేరు, స్నేహితుడికి చూపించాలన్న ఉబలాటం వేరు. వీటిలో కొన్ని సృష్టిలోని ఆనందాన్ని పెంచుతాయి, కొన్ని దాన్ని తినేస్తాయి. వీటిని విడదీసి చూడటానికి మైన్‌క్రాఫ్ట్ లాంటి శాండ్‌బాక్స్ గేములంత అనువైన చోటు మరొకటి లేదని నా నమ్మకం. అక్కడ పని ఎవరూ పెట్టరు. కాబట్టి ఒత్తిడి వచ్చిందంటే అది ఏ దారిన వచ్చిందో వెనక్కి నడిచి పట్టుకోవచ్చు.

గెలుపు లేని ఆట

లక్ష్యం ఏమిటో ఆట చెప్పకుండా, ఆడేవారే నిర్ణయించుకునేలా వదిలేసే గేమును శాండ్‌బాక్స్ గేమ్ అంటున్నాం. ఈ తరహాకు దారి వేసినవారిలో విల్ రైట్ ఒకరు. 1984లో ఆయన చేసిన రెయిడ్ ఆన్ బంగెలింగ్ బే అనే గేములో హెలికాప్టర్ మీద తిరుగుతూ దీవుల్లోని ఫ్యాక్టరీలపై బాంబులు వేయాలి. ఆ దీవులను తయారు చేసుకోవడానికి రైట్ ఒక ఎడిటర్ రాసుకున్నారు. తీరా చూస్తే దీవులను ధ్వంసం చేయడం కంటే వాటి మీద రోడ్లూ భవనాలూ పేర్చడమే ఆయనకు ఎక్కువ సరదాగా అనిపించింది. గేము పూర్తయినా ఎడిటర్‌ను వదలలేదు. నగరాన్ని కట్టుకునే సిమ్‌సిటీ అనే ఆట పుట్టింది అక్కడే. గెలుపు ఓటములు లేని ఆటను ఎలా అమ్మాలో తెలియక ప్రచురణకర్తలు వెనకాడారు. చివరికి అది 1989లో విడుదలైంది.

ఈ కథ నాకు ముఖ్యమనిపించడానికి కారణం ఉంది. బాంబుల ఆట ఇతరులు ఆడటానికి చేసినది, ఎడిటర్ తన అవసరానికి రాసుకున్నది. వ్యాపారానికి ఎందుకూ పనికిరాదనిపించిన ఆ రెండో పనే ఒక కొత్త తరహా ఆటలకు మూలమైంది. 2009 మేలో మార్కస్ పెర్సన్ బయటపెట్టిన తొలి మైన్‌క్రాఫ్ట్‌లో కూడా బ్లాకులు పెట్టడం, తీయడం తప్ప దాదాపు ఏమీ లేదు. ఆకలి, రాత్రిపూట దాడి చేసే జీవులు, చివరి డ్రాగన్ ఆ తరవాత చేరాయి. 2011 నవంబరులో పూర్తి విడుదల నాటికి ఆటకు ఒక ముగింపు కూడా పెట్టారు. కానీ డ్రాగన్‌ను చంపాక ఆట మనల్ని మళ్లీ మన ప్రపంచంలోకే పంపిస్తుంది. సగం కట్టిన గోడ ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది. 2023 నాటికి 30 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైన ఆట ఇది. గెలుపు లేకపోతే జనం ఆడరన్న అనుమానం పూర్తిగా తీరిపోయింది.

అయితే నియమాలు, హద్దులు పోతేనే ఆనందం అనుకుంటే పొరపాటు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త రోజే కైయువా 1958లో ఆటలను రెండు కొసల మధ్య అమర్చి చూపించారు. ఒక కొసన నియమం లేకుండా పొంగిపొరలే ఆట, రెండో కొసన నైపుణ్యం, సవాలు, నియమం. మొదటిదాన్ని ఆయన పైడియా అన్నారు, రెండోదాన్ని లూడస్ అన్నారు. మొదటి కొసన ఉన్న ఆట ఎంతోసేపు అక్కడే ఉండదు. ఊరికే గంతులేస్తున్న పిల్లలు కాసేపటికి "గీత తొక్కకూడదు" అని తమకు తామే షరతు పెట్టుకుంటారు. మైన్‌క్రాఫ్ట్‌లో అన్నీ ఉచితంగా దొరికే క్రియేటివ్ మోడ్ ఉన్నా, రాయిని తవ్వి, చెట్టు నరికి, ఒక్కో బ్లాకూ సంపాదించుకోవాల్సిన సర్వైవల్ మోడ్‌లోనే కట్టేవాళ్లు కోకొల్లలు. దగ్గర్లో రాయి లేదు కాబట్టి చెక్కతో కట్టడం, చెక్క చాలక ఇంటిని సగం కొండలోకి తొలచడం లాంటివి హద్దు వల్లే పుట్టే ఆలోచనలు. హద్దు అంటే "నీ దగ్గర ఉన్నవి ఇవే" అనే మాట. తీర్పు అంటే "ఇలా ఉంటేనే బాగున్నట్టు" అనే మాట. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఈ చర్చలో సగం గందరగోళం వస్తోంది.

తీర్పు కూడా కొన్నిసార్లు ఆటలోనే కూర్చుని ఉంటుంది. 2020 మార్చిలో వచ్చిన యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్ ఎంతో నెమ్మది ఆట. మన దీవి, మన ఇల్లు, మన తోట. కానీ ఆ దీవికి నక్షత్రాలు ఉంటాయి. మూడు నక్షత్రాలు వస్తే కె.కె. స్లైడర్ అనే గాయకుడు వచ్చి కచేరీ చేస్తాడు. ఆ తరవాతే నేలనూ నదులనూ తిరిగి మలిచే సాధనం చేతికొస్తుంది. ఇంటి అలంకరణకు హ్యాపీ హోమ్ అకాడమీ విడిగా పాయింట్లు వేస్తుంది. ఒక సెట్‌కు చెందిన సామాను కలిపి పెడితే ఎక్కువ, కలగాపులగంగా పెడితే తక్కువ. అంటే మన ఇష్టం అని చెబుతూనే, మంచి ఇల్లు ఎలా ఉంటుందో ఆట ఒక అభిప్రాయం పెట్టుకుంది. దీనికి పూర్తి భిన్నంగా 2021లో పూర్తి రూపంలో విడుదలైన టౌన్‌స్కేపర్ అనే ఆటలో నీటి మీద నొక్కితే ఇల్లు లేస్తుంది, పక్కన నొక్కితే ఇళ్లు కలుస్తాయి, నాలుగు వైపులా మూసుకుంటే మధ్యలో తోట మొలుస్తుంది. డబ్బు లేదు, జనాభా లెక్క లేదు, నక్షత్రం లేదు. ఏ ఆట మేలన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఒత్తిడిగా అనిపించినప్పుడు, అది ఆట వేసే పాయింట్ల వల్లనా, చూసిన వీడియోల వల్లనా అని ముందు తేల్చుకోవాలి. పాయింట్ల వల్ల అయితే కావలసిన సాధనం దొరికాక వాటిని పట్టించుకోవడం మానేయవచ్చు. రెండోది అంత తేలిగ్గా వదలదు.

బహుమతి ముందా, తరవాతా?

1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో చేసిన ఒక ప్రయోగాన్ని ఈ విషయం మాట్లాడేవాళ్లందరూ ప్రస్తావిస్తారు. చాలాసార్లు సగమే చెబుతారు. కాబట్టి మొత్తం చూద్దాం. మూడు నుంచి ఐదేళ్ల వయసున్న 51 మంది పిల్లలు. అందరికీ స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడం అప్పటికే ఇష్టం. వాళ్లను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు "బొమ్మ గీస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో గుంపుకు ఏమీ చెప్పకుండా గీయించి, చివర్లో అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ లేదు. కొన్నాళ్ల తరవాత తరగతి గదిలో ఆ పెన్నులను మళ్లీ బల్ల మీద పెట్టి, ఎవరు ఎంతసేపు వాటితో ఆడుకుంటారో దూరం నుంచి గమనించారు.

ముందే సర్టిఫికెట్ మాట విన్న పిల్లలు తమ ఖాళీ సమయంలో సుమారు 8.6 శాతం మాత్రమే బొమ్మలకు ఇచ్చారు. ఏమీ పొందనివాళ్లు 16.7 శాతం, చెప్పకుండా పొందినవాళ్లు 18.1 శాతం. అంతకుముందు సర్టిఫికెట్ కోసం గీసిన బొమ్మల నాణ్యత కూడా మిగతావారికంటే తక్కువగా ఉందని, ఎవరు ఏ గుంపో తెలియని పరీక్షకులు చెప్పారు.

ఇక్కడ ఆగి రెండో గుంపును చూడాలి. వాళ్లకూ అదే సర్టిఫికెట్, అదే బంగారు ముద్ర అందాయి. వాళ్ల ఇష్టానికి ఏ నష్టమూ జరగలేదు. మొదటి గుంపుకు, వాళ్లకు ఉన్న తేడా అంతా ఆ సర్టిఫికెట్ ఎప్పుడు వచ్చిందన్నదే. పెన్ను పట్టుకునే ముందే మనసులోకి వచ్చిన బహుమతి గీయడాన్ని ఒక సాధనంగా మార్చేసింది. గీయడం అయిపోయాక వచ్చిన బహుమతి ఒక సంతోషంగా మిగిలింది. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా దాదాపు ఇంతే. ఇతరుల మెప్పు మంచిదా చెడ్డదా అని అడిగితే సరైన జవాబు రాదు. అది పనిలోకి ఏ క్షణంలో ప్రవేశించిందని అడగాలి.

ఈ ఫలితాలపై వాదాలు లేకపోలేదు. బహుమతుల వల్ల ఇష్టం తగ్గుతుందన్న మాట అతిశయోక్తి అని జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ 1994లో గట్టిగా వాదించారు. దానికి జవాబుగా ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ కోస్ట్నర్, రిచర్డ్ రయన్ 1999లో 128 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. ముందే ఆశ చూపి ఇచ్చే వస్తురూప బహుమతులు అప్పటికే ఉన్న ఇష్టాన్ని తగ్గిస్తాయని, మంచి మాట మాత్రం మొత్తం మీద ఇష్టాన్ని పెంచుతుందని తేల్చారు. ఆ మంచి మాటలోనూ రకాలు ఉన్నాయి. "ఇది చక్కగా వచ్చింది" అనే మాట పని గురించి సమాచారం ఇస్తుంది. "చక్కగా చేశావు, ఇలాగే చేయాలి మరి" అనే మాట పగ్గం వేస్తుంది. వినడానికి రెండూ పొగడ్తలే. మొదటే విసుగనిపించే పనుల విషయంలో బహుమతి ఈ నష్టం చేయదు, అక్కడ పోవడానికి ఇష్టమే లేదు కదా. కాబట్టి ఇదంతా మనం ప్రేమించే పనులకు మాత్రమే వర్తించే ప్రమాదం. ఎంత ఇష్టమైతే అంత జాగ్రత్త కావాలి.

పెద్దవాళ్ల విషయంలో టెరెసా అమాబిలే, ఆమె సహచరులు 23 మంది వృత్తి చిత్రకారులు, శిల్పులతో చేసిన పని చూడదగినది. ఒక్కొక్కరి నుంచి ఎవరో అడిగి చేయించుకున్న పనులు పది, ఎవరూ అడగకుండా చేసినవి పది తీసుకుని, ఏది ఏదో చెప్పకుండా కళా నిపుణులకు చూపించారు. అడిగి చేయించుకున్నవాటిలో సృజన తక్కువగా ఉందని నిపుణులు తేల్చారు. కానీ పనితనంలో తేడా కనబడలేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ రెండో భాగం. గీత తప్పడం లేదు, రంగు తప్పడం లేదు, చూసేవాళ్లకు లోటు కనిపించదు. పోయిందేదో అది ముందుగా కళాకారుడికే తెలుస్తుంది, ఒక్కోసారి ఆయనకూ తెలియదు. ఇదే అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. అడిగినవాళ్లు చేతులు కట్టేశారనిపించినచోట సృజన పడిపోయింది. కొత్తది ప్రయత్నించడానికి వాళ్లు అవకాశం ఇచ్చారనిపించినచోట అంత పడిపోలేదు. అడగడమే తప్పని దీని అర్థం కాదు. ఎలా అడిగారన్నదాన్ని బట్టి ఉంది.

చూసేవారుంటే చేయి ఎటు పోతుంది

బహుమతి సంగతి అలా ఉంచితే, ఊరికే ఎవరో చూస్తున్నారంటేనే మనం మారిపోతాం. ఎవరైనా చూస్తుంటే కొన్ని పనులు బాగా చేస్తాం, కొన్ని పాడు చేస్తాం. ఎందుకలా? రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. చూసేవారి ఉనికి మనలో ఉద్రేకాన్ని పెంచుతుంది. ఆ ఉద్రేకంలో మనకు బాగా అలవాటైన స్పందనే ముందుకు తోసుకొస్తుంది. అలవాటైన పని అయితే ఆ స్పందన సరైనదే కాబట్టి పని మెరుగవుతుంది. కొత్తగా నేర్చుకుంటున్న పని అయితే తప్పు స్పందనే ముందుకొచ్చి పని చెడుతుంది.

దీన్ని కట్టడాలకు అన్వయించి చూడండి. స్ట్రీమ్ చేస్తూ కట్టేవాళ్లు, సర్వర్‌లో పదిమంది తిరుగుతుండగా కట్టేవాళ్లు తమకు చేయి తిరిగిన శైలిలోకే జారుకుంటారు. రాతి పునాది, ముదురు చెక్క దూలాలు, వాలు పైకప్పు. ఒకసారి మెప్పు తెచ్చిన ఇల్లే కొద్ది మార్పులతో మళ్లీ మళ్లీ లేస్తుంది. అది బద్ధకం కాదు, భయం అని కూడా అనలేం. జనం ముందు మనసు సహజంగా పోయే దారి అది. గీసేవాళ్లలోనూ ఇంతే. ఒక రకం ముఖాలు బాగా వేస్తారని పేరొస్తే ఇంక చేతులు, నేపథ్యం, వికారమైన ముఖాలు వేసే ధైర్యం క్రమంగా తగ్గిపోతుంది. తెలిసిన పనిని ప్రదర్శించడానికి ప్రేక్షకులు మంచివారే. తెలియనిదాన్ని వెతుక్కోవడానికి మాత్రం ఏకాంతం కావాలి. కొత్తది దొరికేటప్పుడు కలిగే ఆనందమే సృష్టిలో పెద్ద ఆనందం కాబట్టి, ఎప్పుడూ జనం ముందే పని చేసేవారికి ఆ భాగం తగ్గిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకో చిక్కుంది. చూసేవారు ఎదురుగా ఉండనక్కర్లేదు. గొప్పగొప్ప కట్టడాల బొమ్మలు రోజూ చూస్తుంటే వాళ్లు మన తలలోనే స్థిరపడిపోతారు. దీనికి గుర్తులు కట్టడంలోనే కనిపిస్తాయి. ఒకే కోణం నుంచి అందంగా ఉండే కోటలు ఉంటాయి. వెనక్కి వెళ్తే గోడ ఉండదు, తలుపు తీస్తే లోపల మట్టి. స్క్రీన్‌షాట్‌లో పడేంతవరకే కట్టారన్నమాట. పైపెంకు మాత్రమే కట్టడం తప్పేమీ కాదు, సినిమా సెట్‌లు అలాగే కడతారు, అదీ ఒక విద్యే. కానీ తనకోసం మాత్రమే ఉన్న ప్రపంచంలో, ఎవరికీ పంపించే ఉద్దేశం లేనప్పుడు కూడా, లోపలి గదుల మీద మనసు పోకపోతే మాత్రం ఆలోచించాలి. అక్కడ ఎవరో అతిథి కళ్లతో చూస్తున్నాం, ఆ ఇంట్లో ఉండేవాళ్లలా చూడటం లేదు.

ట్యుటోరియల్ చూసి కట్టడం గురించి కూడా ఒక మాట. అది నకలు కాబట్టి అందులో ఆనందం ఉండదని కొందరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఇంకొకరి ఇంటిని బ్లాకు బ్లాకుగా తిరిగి కడుతుంటే, మూలన మెట్టు బ్లాకును తలకిందులుగా ఎందుకు పెట్టారో చేతికి అర్థమవుతుంది. చిత్రకారులు తరతరాలుగా పాతవారి బొమ్మలు చూసి గీసే నేర్చుకున్నారు. నకలులో ఆనందం పోయేది ఒకే ఒక్క సందర్భంలో. మన సొంత ఊహ నచ్చక, "అది పెడితే పొగుడుతారు" అన్న లెక్కతో నకలును ఎంచుకున్నప్పుడు.

రహస్యంగా కట్టినవాళ్లు

ఎవరూ అడగకపోయినా కట్టినవారి పేర్లు చెప్పమంటే నాకు మొదట గుర్తొచ్చేది నేక్‌చంద్. వాస్తుశిల్పి ల కార్బూజియే ప్రణాళికతో గీత గీతా లెక్కగా లేస్తున్న చండీగఢ్‌లో ఆయన ప్రజాపనుల శాఖ రోడ్ ఇన్‌స్పెక్టరు. నగరం కోసం కూల్చిన ఊళ్ల శిథిలాలు, పగిలిన పలకలు, గాజు ముక్కలు, సీసాలు మోసుకెళ్లి, కట్టడాలు నిషేధించిన అటవీ భూమిలో 1957 ప్రాంతం నుంచి రాత్రిళ్లు బొమ్మలు, ప్రాంగణాలు కట్టుకుంటూ పోయారు. దాదాపు 18 ఏళ్లు ఆ సంగతి అధికారులకు తెలియలేదు. తెలిశాక కూల్చేయాలా వద్దా అన్న తర్జనభర్జన జరిగి, 1976లో దాన్ని రాక్ గార్డెన్‌గా ప్రజలకు తెరిచారు. ఆయనకు జీతమూ కూలీలూ ఇచ్చి అక్కడే నియమించారు. ఇన్ని లక్షల మంది చూసే చోటు మొదటి 18 ఏళ్లూ ఎవరూ చూడకూడదన్న షరతు మీదే బతికింది.

ఫ్రాన్స్‌లో ఫెర్డినాండ్ షెవాల్ అనే పోస్ట్‌మన్ 1879లో దారిలో కాలికి తగిలిన ఒక రాయి ఆకారం నచ్చి జేబులో వేసుకున్నాడు. ఆ తరవాత ఉత్తరాలు పంచే దారిలోనే రాళ్లు ఏరుకుంటూ, 33 ఏళ్లపాటు ఒంటిచేత్తో ఓతెరీవ్ గ్రామంలో ఒక రాతి మందిరం కట్టాడు. 1912లో పూర్తయింది. శిక్షణ లేదు, ఊరివాళ్లు పిచ్చివాడన్నారు. 1969లో దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించారు.

ఈ కథలను ఏకాంతమే పవిత్రం అని చెప్పడానికి వాడుతుంటారు. అక్కడే నాకు పేచీ. షెవాల్‌కు చూసేవాళ్లు అక్కర్లేదని ఎవరన్నారు? తన కట్టడం గోడల మీద ఇది ఒక్క మనిషి పని అని చెక్కుకున్నాడు. చదివేవాళ్లు లేరనుకుంటే ఆ మాట ఎవరి కోసం? ఆయన వదులుకున్నది చూసేవారిని కాదు, ఎలా కట్టాలో వాళ్లు చెప్పే హక్కును. దీనికి రెండో కొసన వివియన్ మేయర్ ఉంది. పిల్లల ఆయాగా బతుకుతూ లక్షకు పైగా ఫొటోలు తీసి దాదాపు ఎవరికీ చూపించలేదు. ఎన్నో ఫిల్ము రోల్స్‌ను కడిగించనే లేదు. 2009లో ఆమె చనిపోయాకే ప్రపంచానికి తెలిసింది. ఆమె ఎందుకు చూపించలేదో చెప్పే హక్కు మనకెవరికీ లేదు. అది ఆనందమో, బెరుకో, డబ్బు లేకపోవడమో. దాచుకున్నంత మాత్రాన ఆనందమనీ, చూపించినంత మాత్రాన మెప్పు కోసమనీ లెక్క వేయలేం.

ఈ విషయంలో రవీంద్రనాథ్ ఠాగూర్ బొమ్మలు నాకు మరింత ఉపయోగపడే ఉదాహరణ. రాతప్రతుల్లో కొట్టేసిన పదాలను కలుపుతూ గీసిన గీతలు ఆకారాలై, అరవై ఏళ్లు దాటాక ఆయన్ను చిత్రకళలోకి లాక్కెళ్లాయి. 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగింది. చివరికి రెండు వేలకు పైగా బొమ్మలు మిగిలాయి. కవిగా ఆయన మీద ప్రపంచమంతటి అంచనాలు ఉన్నాయి. చిత్రకారుడిగా ఆయన నుంచి ఎవరూ ఏమీ ఆశించలేదు. పేరు బరువైపోయినవారికి తప్పించుకునే దారి ఒకటి ఇక్కడ కనిపిస్తుంది. తమకు పేరు లేని పనిలోకి వెళ్లడం. పెద్ద పెద్ద నగరాలు కట్టే మైన్‌క్రాఫ్ట్ బిల్డర్ ఒకరు సాయంత్రం టౌన్‌స్కేపర్‌లో నాలుగు ఇళ్లు పేర్చుకుని మూసేయడంలో ఉన్న హాయి కూడా ఇదే జాతిది.

ఇచ్చేందుకు చేసేది

ఇప్పటివరకు చెప్పింది చదివి ఇతరులను పూర్తిగా పక్కనపెట్టాలనుకుంటే అదీ తప్పే. డెసి, రయన్‌లు నిర్మించిన సిద్ధాంతం ప్రకారం లోపలి నుంచి పుట్టే ఇష్టానికి మూడు ఆధారాలు. నా నిర్ణయం నాదే అన్న భావన, చేయగలుగుతున్నాను అన్న భావన, ఎవరితోనో కలిసి ఉన్నాను అన్న భావన. మూడోది లేని సృష్టి త్వరగా ఎండిపోతుంది. ఒకే సర్వర్‌లో ఒకరు వంతెన కట్టి, ఇంకొకరు దాని కింద మార్కెట్ కడితే, రేపు వాళ్లు ఏం కలిపారో చూడటానికి ఇద్దరూ పరుగెత్తుకొస్తారు. స్నేహితుడి పుట్టినరోజుకు అతని ఇష్టమైన రంగులో కట్టిన లైట్‌హౌస్ పూర్తిగా ఇంకొకరి కోసమే. అందులో ఆనందానికి కొదవ లేదు. అతనికి ఏం నచ్చుతుందో ఊహించడం కూడా సృష్టిలో భాగమే, ఆ ఊహ కట్టేవారిదే.

కళే జీవనాధారమైనవాళ్ల సంగతి వేరు, వాళ్లకు "నీకోసం చేసుకో" అని చెప్పడం అన్యాయం. అడిగినవారికి అడిగింది ఇవ్వడంలో నిజాయితీ ఉంది, గౌరవం ఉంది. వాళ్లకు నా మనవి ఒకటే. అమ్మకానికి, ప్రదర్శనకు సంబంధం లేని పని కొంచెమైనా పక్కన నడుస్తూ ఉండనివ్వండి. ఒక నోటుబుక్కు గానీ, ఎవరికీ లింకు ఇవ్వని ఒక ప్రపంచం గానీ. అది వృథా కాదు. అడిగినవారి పనిలోకి కొత్తది ఎక్కడి నుంచో రావాలి కదా.

మరో మెలిక ఈ మధ్య ఎక్కువగా చూస్తున్నాను. ఆనందం కూడా ఒక బాధ్యతై కూర్చుంటోంది. "ఇది సేదతీరే ఆట, నాకెందుకు సేదతీరడం లేదు?" అని బెంగపడేవాళ్లు, "ఇష్టంతో చేస్తున్న పని అయితే విసుగు రాకూడదు కదా" అని తమను తాము శంకించుకునేవాళ్లు ఉన్నారు. విసుగు వస్తుంది. కొండను చదును చేయడం విసుగే, ఒకే రకం కిటికీ నలభైసార్లు పెట్టడం విసుగే, బొమ్మలో జుట్టు వెంట్రుక వెంట్రుకగా వేయడం విసుగే. ఇష్టమైన పనిలో విసుగు, ఇష్టం లేని పనిలో విసుగు ఒకేలా ఉండవు. మొదటిదాంట్లో తరవాత ఏం వస్తుందో చూడాలన్న కుతూహలం అడుగున కదులుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగిపోతే ఆ కట్టడాన్ని వదిలేయడానికి సిగ్గుపడనక్కర్లేదు. శాండ్‌బాక్స్ ప్రపంచాల్లో సగం కట్టిన గోపురాలే ఎక్కువ ఉంటాయి, ఉండనివ్వాలి. పూర్తి చేయాలన్న షరతు కూడా బయటి నుంచి వచ్చినదే.

ఆచరణలో ఏం చేయవచ్చు? ఎప్పుడు చూపించాలన్నదాన్ని మార్చడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. స్కెచ్ పెన్నుల ప్రయోగం చెప్పింది అదే. సగం పనిలో స్క్రీన్‌షాట్ పెట్టి లైకులు లెక్కపెడితే, మిగతా సగం ఆ లైకులు కడతాయి. ముఖ్యమైన నిర్ణయాలన్నీ అయిపోయాక చూపిస్తే, వచ్చే మెప్పు మెప్పుగానే అందుతుంది, విమర్శ వచ్చే కట్టడానికి పనికొస్తుంది. రెండోది, సొంత హద్దు పెట్టుకోవడం. మూడే రకాల బ్లాకులు, లేదా ఒక్క లంకలో మాత్రమే. అప్పుడు దృష్టి "బాగుందా" నుంచి "ఇందులో ఏం సాధ్యం" వైపు తిరుగుతుంది. ఎప్పుడైనా కట్టినదాన్ని కావాలనే కూల్చి చూడటం కూడా మంచిదే. ఎవరికీ చూపించలేకపోయానే అన్న బాధ ముందొస్తుందో, మళ్లీ కట్టవచ్చన్న ఉత్సాహం ముందొస్తుందో గమనిస్తే మన సంగతి మనకే తెలుస్తుంది.

చూసేవాళ్లుగా మనకూ బాధ్యత ఉంది, ముఖ్యంగా పిల్లలు తెర తిప్పి "చూడు" అన్నప్పుడు. "అబ్బా, నువ్వు గొప్ప ఇంజినీరువి" అంటే ఆ మాట రేపటికి ఒక అంచనా అవుతుంది. రేపు కూడా ఇంజినీరులా కట్టాలి. "ఈ కిటికీ ఇక్కడే ఎందుకు పెట్టావు?" అని అడిగి చూడండి. సముద్రం కనిపించాలనో, బ్లాకులు అయిపోయాయనో, అక్కడ కోడి ఉంటుందనో ఏదో ఒక కారణం చెబుతారు. అలా చెబుతూ తాము తీసుకున్న నిర్ణయాన్ని ఇంకోసారి చూసుకుంటారు, చాలాసార్లు ఆ మాటల మధ్యలోనే తరవాత ఏం కట్టాలో వాళ్లకు తడుతుంది.